రాములమ్మకు తగిన పడవ

రాములమ్మకు డెబ్బై అయిదేళ్లు నిండాయని ఇంట్లోవాళ్లు ఆమెను గండికోట దగ్గర బోటెక్కించాలని తీర్మానించారు. ప్రొద్దుటూరులో బడిపంతులుగా చేసే కొడుకు జయపాల్, పులివెందులలో ఉద్యోగం చేసే మనవరాలు మౌనిక మధ్య వారం రోజులుగా ఫోన్లలో అదే చర్చ. స్పీడు బోటు కుదుపుతుంది, నడుము పట్టేస్తుంది, వద్దు. చిన్న ఇంజను బోటులోకి కాలు చాపి దిగాలి, అదీ వద్దు. పెద్ద బోటుకైతే పైన నీడ, కూర్చోను కుర్చీ, లోపల బాత్రూము. మౌనిక దానికి క్రూయిజ్ అని పేరు కూడా పెట్టింది.

రాములమ్మ కొడుకింట్లో పక్క గదిలోంచి అంతా విన్నది. ఒళ్లు మండిపోయింది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి, ఎంత లావు మనుషులనైనా మంచం మీంచి మంచానికి మార్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఆమె మోకాళ్ల గురించి, బాత్రూము గురించి వీధి వీధంతా వినేలా మాట్లాడుకుంటారా! అయినా వద్దనలేదు. పడవెక్కాలని ఆమెకూ ఉంది. కారణం వేరు.

గండికోట డ్యాము నీళ్ల కింద ఆమె ఊరుంది. ఊరి పక్క సమాధుల తోటలో భర్త దాసయ్య ఉన్నాడు. నాపరాళ్ల గనిలో బతుకంతా అరగదీసుకుని పోయిన మనిషి. ఏటా నవంబరు రెండున, సమాధుల పండుగకు, ఆమె భర్త సమాధికి సున్నం కొట్టేది. మొదటి చేయి ఆమెది, రెండో చేయి జయపాల్‌ది. ఆ తర్వాత చామంతులు, కొవ్వొత్తులు. డ్యాము నిండాక, ఊరివాళ్లకు కట్టిచ్చిన కొత్త కాలనీ చర్చి గోడ మీద మునిగిన సమాధుల్లోని వాళ్ల పేర్లన్నీ చెక్కించారు. జనం ఆ గోడ ముందు కొవ్వొత్తులు పెట్టి ఇళ్లకు పోతారు. జయపాలూ అంతే. నాన్న దగ్గరికి పోదామా అని ఇన్నేళ్లలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

ఈ ఏడు పండుగ ఆదివారం పడింది. పొద్దున బోటు, సాయంత్రం గోడ అని జయపాల్ చెప్పాడు. సినిమా ప్రోగ్రాం చెప్పినట్టు చెప్పాడు.

రాములమ్మ చేతిసంచీతో బయల్దేరింది. అందులో మందులున్నాయనుకున్నారు. బోట్ల దగ్గర టికెట్లిచ్చే మనిషిని, మునిగిన ఊళ్ల వైపు పడవ పోతుందా అని అడిగింది. అతను ఆమె ముఖం కూడా చూడలేదు. లోయలో ఒక చుట్టు తిప్పి తెస్తామని, ముసలామెను ముందు వరుస కుర్చీలో కూర్చోబెట్టుకోమని జయపాల్‌కు చెప్పాడు. రాములమ్మ అక్కడే గట్టు మీద చతికిలబడింది. మౌనిక బతిమాలింది, జయపాల్ విసుక్కున్నాడు. అప్పుడు ఆమె నోరు తెరిచింది.

"మోకాళ్ల సంగతి మాట్లాడినారు, నడుము సంగతి మాట్లాడినారు. యాడికి పోవాలని ఉండాదమ్మా అని ఒక్కరన్నా అడిగినారా?"

"నాయన పేరు గోడ మీద చెక్కించినాం కదమ్మా," అన్నాడు జయపాల్ మెల్లగా.

"గోడకు కొవ్వొత్తి పెడితే మీ నాయనకు పెట్టినట్టేనా?" అని సంచీ అతని ముందు కుమ్మరించింది. సున్నం పొట్లం, కుంచె, చెంబు, చామంతులు. మందుబిళ్ల ఒక్కటీ లేదు.

జయపాల్ అన్నీ ఏరి సంచీలో పెట్టాడు. కారు తిప్పాడు. వాళ్ల ఊరి పాత రోడ్డు నీళ్లలోకి దిగిపోయే చోట, చేపలు పట్టే బాషా పుట్టి కనిపించింది. వెదురు అల్లి తారు పూసిన గుండ్రటి బుట్టపడవ. కుర్చీ లేదు, నీడ లేదు. బాషా తన దగ్గరున్న లైఫ్ జాకెట్ ఆమెకు తొడిగాడు. చేయందించబోయిన మౌనికను కసిరి, రాములమ్మ గట్టు మీంచి జారి అందులో కూలబడింది. మోకాలు కలుక్కుమంది. సంచీ పట్టుకుని జయపాల్ ఆమె వెనకే ఎక్కాడు.

నీళ్ల మీద ఊరి వాటర్ ట్యాంకు తల ఒక్కటే తేలి ఉంది. అక్కడి నుంచి కొండ వైపు నూట ఇరవై అడుగులు వేస్తే సమాధి, ఆమె కాళ్లకు తెలుసు. బాషా తెడ్డు వేస్తుంటే పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది.

"ఈడ్నే. నిలుపప్పా."

చెంబులో సున్నం కలిపి, కుంచె ముంచి, వంగి నీళ్ల మీద వేసింది. తెల్లగా పరుచుకుని కిందికి దిగిపోయింది. చామంతులు వదిలితే తేలాయి. అప్పుడు కుంచె కొడుకు చేతికిచ్చింది. బడిలో వందమంది పిల్లల్ని అదిలించే మనిషి ఆ కుంచెను బడిపిల్లాడిలా రెండు చేతులా పట్టుకున్నాడు. అంచుకు జరిగి, కుంచె సున్నంలో ముంచి నీళ్ల మీద వేశాడు.

"అది కాళ్ల పక్క రా," అంది రాములమ్మ కోపంగా. "తలకాడ మొదలుపెట్టు."