రాతి దుమ్ము మీద వేసిన నింద

ఇది రాసి పెట్టకపోతే, ఒక మనిషి తన ఇంటికి తిరిగి వస్తాడా రాడా అన్నది మళ్లీ నా అబద్ధం మీదే తేలుతుంది. అందుకే రాస్తున్నాను. కొన్నేళ్లుగా ఈ బరువు నాతోనే పడుకుంటోంది, నాతోనే లేస్తోంది. ఈ కాగితానికి తప్ప ఎవరికి చెప్పుకోను?

నేను నంద్యాలలో పెళ్లి మంటపాలు అలంకరించే పూలకొట్లో పనిచేస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. ఆ పైన నేర్చుకున్నదంతా లైబ్రరీలోనే. మొక్కల గురించి ఎవరు అడిగినా చదివినదీ చదవనిదీ కలిపి చెప్పేవాణ్ణి. మా కొట్టుకు ఆర్కిడ్ పూలు ఇచ్చేది ఆళ్లగడ్డ ఓబులమ్మ. ఇంటి వెనక, ఎండ ఆపే నీడవల కింద పెంచేది. ఆ పక్కనే ఆమె మరిది సుబ్బరాయుడు రేకుల కొట్టంలో విగ్రహాలు చెక్కేవాడు. మిషన్ పెట్టి రాయి కోస్తే దుమ్ము లేచి పూల మీద పడేది.

దుమ్ము ఎలా పోతుందని ఆమె నన్ను అడిగింది. చెక్కడం పొద్దుగూకాక ఆగుతుంది కాబట్టి, అప్పుడు పూలన్నీ నీళ్లతో కడగమన్నాను. ఆర్కిడ్‌కు తేమ ఇష్టమని చదివాను. పూరేకులు రాత్రంతా తడిగా ఉంటే ఏమవుతుందో చెప్పే పేజీ దాకా వెళ్లలేదు.

ముసురు పట్టిన రోజుల్లో పూరేకుల మీద చిన్న గోధుమ మచ్చలు లేచాయి. ఆ తర్వాత బూడిద రంగు బూజు. ఓబులమ్మ పిలిపించింది. ఆ పూలు చూడగానే, సాయంత్రం కడగమన్న నా మాట గుర్తొచ్చింది. తప్పు నాదేమో అనిపించింది. ఆ మాట పైకి రాకముందే ఇంకో మాట వచ్చేసింది.

"ఇది రాతి దుమ్ము పనే."

సుబ్బరాయుడు మిషన్ ఆపి వచ్చాడు. "ఏందన్నా, రాయి పువ్వును తింటాదా?"

"తింటాది. పుస్తకంలో ఉంది."

"యా పుస్తకమన్నా? నేను పొద్దస్తమానం దుమ్ములోనే ఉంటాండా, నాకు బూజు పట్టలేదే!"

ఓబులమ్మ కసిరింది. "నీకేం తెలుసప్పా? ఆయన చెదపురుగు మాదిరి లైబ్రరీ అంతా తిన్నోడు. ఈ పూలు పోతే మనమేం తినాల? నీ కొట్టం తీసెయ్."

మరుసటి రోజు లైబ్రరీలో వెతికాను. ఆ బూజు దుమ్ముతో రాదు. రాత్రి పూలు తడిగా ఉండి, గాలి ఆడకపోతే వస్తుంది. నీళ్లు పొద్దున్నే, వేర్లకే పోయాలి. కుండీల మధ్య గాలి ఆడాలి. మచ్చ పడ్డ పువ్వునూ రాలిన పువ్వునూ వెంటనే ఏరి దూరంగా పారేయాలి. అంతే. మధ్యలో ఒక టార్పాలిన్ పట్టా అడ్డం కడితే దుమ్ము కూడా చాలావరకు ఆగేది. సుబ్బరాయుడు అప్పటికింకా కొట్టం విప్పలేదు. ఆళ్లగడ్డ బస్సు ఎక్కితే చాలు. బస్టాండు దాకా వెళ్లాను కూడా. ఎందుకు ఎక్కలేదు? నవ్వుతారనా? పుస్తకాలాయన అన్న పేరు పోతుందనా? ఆ పేరు పోతే నాకు ఇంకేం మిగులుతుందనా?

అతను కొట్టం విప్పేసి బేతంచెర్లకు వెళ్లిపోయాడు. విగ్రహాలకు కళ్లు దిద్దిన చెయ్యి అక్కడ గచ్చుబండలు పాలిష్ చేస్తోంది. దుమ్ము లేదు కాబట్టి ఓబులమ్మ పూలు కడగడం మానేసింది. మచ్చలూ పోయాయి. చూసినవాళ్లందరికీ నా అబద్ధమే నిజమైపోయింది. ఆమె నన్ను పొగిడిన ప్రతిసారీ, ఇప్పుడు ఎవరో ఒకరు అసలు సంగతి అడుగుతారని మాట మార్చేవాణ్ణి. బండలు వేసుకొచ్చిన లారీ కొట్టు ముందు ఆగితే, అందులోంచి అతను దిగుతాడేమోనని లోపలికి జరిగేవాణ్ణి.

ఇవాళ ఆమె ఫోన్ చేసింది. "మా మరిది మళ్లా వస్తానంటాండాడు. ఆడనే కొట్టం ఏసుకుంటాడంట. ఏసుకోమందునా, వద్దందునా? నువ్వే చెప్పన్నా."

వద్దంటే అతను రాడు. ఊరికే సరేనంటే ఆమె మళ్లీ సాయంత్రాలు పూలు కడుగుతుంది. మళ్లీ మచ్చలు. మళ్లీ అతని మీదే నింద. రేపు వచ్చి చెప్తానన్నాను. సుబ్బరాయుణ్ణి కూడా పిలిపించమన్నాను. ఎందుకని అడిగితే, ఫోన్ పెట్టేసి ఈ కాగితం తీశాను.

ఈ కాగితం వాళ్లిద్దరి ముందూ చదువుతాను. క్షమిస్తారని రాయడం లేదు. భయం తగ్గలేదు. కానీ రాశాక ఊపిరి కొంచెం లోపలి దాకా వెళ్తోంది.

సరైన పుస్తకం వెతికిచ్చిన లైబ్రరీ రమణయ్యకు, రేపు కొట్లో నా పని తాను చూసుకుంటానన్న ఖాజాకు, నన్ను నమ్మిన ఓబులమ్మకు కృతజ్ఞతలు. సుబ్బరాయుడికి కూడా. యా పుస్తకమని అడిగింది అతనొక్కడే.