మూడు ఆటలు పోల్చిన లెక్కల టీచరు

ఒక మనిషి చెప్పే మాట వినడానికి ఆ మనిషి పోయేదాకా ఆగారా మీరెప్పుడైనా? నేను ఆగాను. రామచంద్రపురంలో లెక్కలు చెప్పిన మేరీ సుగుణ గారు మంగళవారం ఉదయం గుండె ఆగి మరణించారు. కబురు వచ్చేసరికి మా చర్చావేదిక వచ్చే నెల కార్యక్రమం రాస్తున్నాను. అందులో ఆమె పేరు లేదు. కలం అక్కడే ఆగిపోయింది.

సుగుణ గారు ఆదివారం ప్రార్థనకు వెళ్లేవారు, శనివారం మా హేతువాదుల మధ్య కూర్చునేవారు. రెండుచోట్లా ప్రశ్నలు వేసేవారు. మా వేదికకు ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివారి వాదాన్ని వారే ఒప్పుకునేలా ముందు చెప్పాలి, ఆ తర్వాతే ఖండించాలి. దాన్ని మా అందరికంటే నిష్ఠగా పాటించింది ఆమే.

బడి నుంచి వచ్చాక ఆమె ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకే పేరుతో వరసగా వచ్చిన మూడు రోల్ ప్లేయింగ్ గేములు ఆడారు. మనమే ఒక పాత్రగా మారి కల్పిత దేశంలో తిరుగుతూ, పోరాడుతూ సాగే ఆటలవి. ఒక్కొక్కటీ రెండేసిసార్లు పూర్తిచేసి, పోలుస్తూ వ్యాసం రాశారు. మొదటి ఆటలో పోరు వంతులవారీగా సాగుతుంది, దెబ్బ వేసేముందు ఆలోచించాలి. రెండోదానిలో గెలుపు వేళ్ల వేగానిది. మూడోదానిలో ఓడితే ఎందుకు ఓడామో కూడా తెలియదు. మొదటి దేశం చిన్నది, ఏ తలుపు తట్టినా ఎవరో ఒకరు పలుకుతారు. మూడోది కోరుకొండ నుంచి పోలవరం దాకా ఉన్నంత పెద్దది. ఇళ్లున్నాయి, పలికేవారు లేరు. ఎటు వెళ్లాలో తెరమీద బాణం గుర్తు చెబుతుంది.

"బాణాన్ని చూసి నడిచేవాడికి దారి కనబడదండి" అనేవారు.

ఒక శనివారం సభలో అందరి ముందూ, ఆ వ్యాసం వేదిక మీద చదువుతానని అడిగారు. కార్యదర్శిని నేనే.

"మేం మూఢనమ్మకాలతో పోరాడుతుంటే మీరు రాక్షసుల్ని నరికే ఆటల గురించి చెప్తానంటారేంటి టీచర్ గారూ?"

"మీరు ఆడి చూశారాండి?"

"చూడక్కర్లేదండి, తెలుస్తూనే ఉంది."

"మా పాస్టర్ గారు మీ పుస్తకాల గురించి అచ్చం ఇదే మాట అన్నారండి. మీ ఇద్దరికీ పరిచయం చేయమంటారా?"

సభంతా నవ్వింది. నేను నవ్వలేదు. వచ్చే నెల చూద్దామన్నాను. ఆ నెలా అదే అన్నాను. ఆమె విసుక్కోలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, ఎవరి ఉపన్యాసమైనా చివరిదాకా వినే వెళ్లేవారు.

నిన్న ఆమె చెల్లెలు ఆ కాగితాలు తెచ్చారు. "అక్క చదువుతానంది కదండీ, మీరైనా చదవండి" అన్నారు. చదివాను. తనకు నచ్చని మూడో ఆట తరఫునే ముందు వాదించారామె. ఎవరూ పలకరించని విశాలమైన చోట ఒంటరిగా నడవడం కూడా ఒక స్వేచ్ఛేనని రాశారు. అది చదివితే మూడో ఆటే గొప్పదనిపిస్తుంది. ఆ తర్వాతే ఖండన. ఇంత న్యాయమైన వాదన మా వేదిక మీద నేనెప్పుడూ వినలేదు. ఇలా వాదించే మనిషి మాకిక దొరకరు.

నా క్షమాపణ ఆమెకు చేరదు. ఆమె వ్యాసం మీకు చేరగలదు. ఈ శనివారం సాయంత్రం మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదువుతాను. ఆటల పేర్లు నన్నడిగి తెలుసుకుని, ఒక్కదాన్నైనా ఒక గంట ఆడి రండి. ఆడకుండా వచ్చేవాళ్లు కూర్చుని వినండి, నోరు మాత్రం తెరవకండి.