అద్దంకి బస్సు, ఇనప గుంజ

ఇన్వర్టర్ పెట్టెల్లో వచ్చే చిన్న పుస్తకాలను నేను నవలల్లా చదువుతానన్న సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. గుంటూరులో ఒక సోలార్ షాపులో బిల్లులు కొట్టడం నా పని. జనం లేనప్పుడు ఆ పుస్తకం తీసి, ఏ తీగ ఎక్కడ బయలుదేరి ఎక్కడికి తిరిగొస్తుందో వేలితో గీసుకుంటూ కూర్చుంటాను. అత్తయ్యవాళ్ల గేదె చచ్చిపోయిందని తెలిసినప్పుడు ముందుగా ఆ గీతలే గుర్తొచ్చాయి.

పాము కరిచిందని అందరూ అనుకుంటున్నారట. మా వైపు పాడిగేదె పోతే మనిషి పోయినట్టే వెళ్లి పలకరిస్తారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నన్ను పంపింది. నెల కిందట అత్తయ్య ఫోన్ చేసి, గడ్డి కోసే మిషను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని చెప్పింది. చెప్పులు వేసుకుని ముట్టుకో అత్తా, వీలు చూసుకుని వస్తాను అన్నాను. ఆ వీలు ఇప్పుడు దొరికింది.

ఆదివారం ఉదయం ఆరుంబావుకు గుంటూరు బస్టాండులో అద్దంకి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. చిలకలూరిపేటలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ పొట్లం కట్టించుకున్నాను గానీ తినబుద్ధి కాలేదు. అక్కడే మిరపకోతలకు వెళ్లే ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది.

"ఏం పాపా, పెళ్లిచూపులకా? మూతి అట్టా పెట్టావేంటి?"

"గేదె పోయిందండి. పలకరింపుకి."

"అయ్యో తల్లీ! పాలిచ్చేదేనా?" అని చెంపన చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత అద్దంకి దాకా నన్ను ఏడిపించలేదు.

కిటికీలోంచి కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపిస్తూనే ఉన్నాయి. ఈ రోజుల్లో ఇటు వచ్చేవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకోవడం మంచిది. నేను మాత్రం ఒకే వాక్యాన్ని మనసులో అప్పజెప్పుకుంటున్నాను: మావయ్యా, ఆ మిషను ఒకసారి చూడనా?

అద్దంకిలో దిగి, ఆటో మాట్లాడుకుని, పొలం చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడికి కరెంటు లైను లేదు. అత్తయ్యవాళ్లు పొలంలోనే ఇల్లు వేసుకుని, కప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకున్నారు. అత్తయ్య నన్ను పట్టుకుని ఏడ్చింది. మావయ్య కొత్త గేదెను తేవడానికి వెళ్లాడంది.

కొట్టం దగ్గరికి వెళ్లి చూశాను. గడ్డి మిషను ఇనప ఒంటి నుంచి ఒక ఆకుపచ్చ ఎర్త్ తీగ వచ్చి, నేలలో దిగేసిన ఇనప గుంజకు చుట్టి ఉంది. గేదెను కట్టిన గొలుసు ఇంకా ఆ గుంజకే వేలాడుతోంది. గుంజ చుట్టూ నల్లరేగడి నెర్రెలిచ్చి, నా వేలు దూరేంత సందు ఉంది. గేదె నిలబడే చోటు మాత్రం మూత్రానికి తడిసి బురదగా ఉంది.

పదకొండున్నరకు మావయ్య గేదెను తోలుకొచ్చి, గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. నా వాక్యం నోట్లోనే తిరిగింది.

"ఏంటమ్మాయ్, గొణుగుతున్నావ్?"

"కట్టొద్దు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

షాపు టెస్టరు నా సంచిలోనే ఉంది. గొలుసు వదిలేయమని చెప్పి, మిషను స్విచ్ వేయించి, టెస్టరును గుంజకు ఆనించాను. లోపలి దీపం ఎర్రగా వెలిగింది.

"ఎర్త్ ఇచ్చానుగా!" అన్నాడు మావయ్య. "ఇంటి దగ్గర ఎర్త్ రాడ్డు సోలార్ వాళ్లు దించారు. అక్కణ్ణుంచి ఇంకో తీగ లాగడం ఎందుకని ఇక్కడ ఈ గుంజ నేనే దిగేశాను. భూమంతా ఒకటేగా!"

"ఇంటి దగ్గర, కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్‌ని రాడ్డుతో కలిపారు మావయ్యా, అది సరిగానే ఉంది. అలా ఒక్క చోటే కలపాలి. కానీ ఈ మిషను ఒంటి నుంచి అక్కడిదాకా తీగ ఉండాలి. లోపల కరెంటు తెచ్చే ఫేజు తీగ ఒరుసుకుని ఒంటికి తగిలింది. కరెంటు బయలుదేరిన చోటికి తిరిగి పోవాలి గదా! తీగ ఉంటే ఒక్కసారిగా పోయి ఫ్యూజు కొట్టేసేది. ఈ ఎండిన నేలలోంచి కొంచెం కొంచెమే పోతుంది. దానికి ఫ్యూజు కొట్టదు. గుంజలో, గొలుసులో కరెంటు అట్టాగే ఉండిపోతుంది."

నేను అంతసేపు ఒకరి ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. మావయ్య ప్లగ్గు పీకి, గొలుసు చూస్తూ నేల మీద కూర్చున్నాడు.

"అయితే పాము కాదన్నమాట," అన్నాడు.

కొత్త గేదెను కొట్టం కర్రకు తాడుతో కట్టారు. తీగ వేసి, మిషను బాగుచేయించేదాకా ప్లగ్గు పెట్టనని అత్తయ్య నాకు మాటిచ్చింది. మధ్యాహ్నం పప్పుచారుతో అన్నం పెట్టింది. మావయ్య తినలేదు. గుంజను రెండు చేతులతో అటూ ఇటూ ఊపి పెకలిస్తూ ఉన్నాడు. అంత లోతుగా దిగేసింది ఆయనే. నేను వెళ్లొస్తానని చెబితే తలూపాడు గానీ నా వైపు చూడలేదు.

నాలుగింటి బస్సుకు అత్తయ్య రోడ్డు దాకా వచ్చింది. తిరుగుదారిలో నరసరావుపేట మీదుగా వెళ్లి పుస్తకాల షాపు చూడాలనుకున్నాను. ఆ ఆలోచన మానేశాను. దారి పొడుగునా ఉదయం చూసిన పొలాలే. ఈసారి నాకు కల్లాలు కనబడలేదు. ప్రతి కొట్టం దగ్గరా గుంజ ఇనపదా, కర్రదా అని చూస్తూ వచ్చాను. నెల కిందట కూడా ఈ బస్సులే ఉన్నాయి, ఇవే టైములకి.

ఇందాక బస్సు కదిలేముందు అత్తయ్య ఎండుమిర్చి పొట్లం కిటికీలోంచి అందించి, తన కాళ్ల వైపు చూసుకుంటూ అంది:

"నువ్వన్నావని నేను చెప్పులు వేసుకునే ముట్టుకునేదాన్నే తల్లీ. గేదెకెవరు తొడుగుతారే?"