నేలకి తగలకూడని సీసా

గుడివాడ నుంచి అవనిగడ్డ వెళ్లే బస్సులో ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఒళ్లో పాత మంచినీళ్ల సీసా, దాని నిండా చిక్కటి పసరు. మందుల షాపులు తనిఖీ చేసే ఉద్యోగం కాబట్టి నా చూపు ముందు లేబుల్ కోసం వెతికింది. లేబుల్ లేదు.

"ఎవరిచ్చారండీ ఇది?" అన్నాను.

"మార్కెట్లో వేర్లూ ఆకులూ అమ్మే ఆయన బాబూ. మా ఆయనకి కామెర్లు. నాడి చూసి నూరిచ్చాడు."

"మీ ఆయన కూడా వచ్చారా?"

"ఆయన మంచం దిగలేరు. నా నాడే చూశాడు. భార్యది చూసినా తెలుస్తుందంట."

నాకు ఒళ్లు మండింది. తన రోగికి తానే నూరిచ్చే వైద్యుడికి లైసెన్సు అక్కర్లేదని చట్టంలోనే ఉంది. మేం తనిఖీకి వెళ్లి అడిగితే ఆ మార్కెట్లో అమ్మేవాళ్లంతా వైద్యులే, కొనేవాళ్లంతా రోగులే.

"ఇది తాగించకండి. ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి," అన్నాను కాస్త గట్టిగానే.

"ఆయన్ని అక్కణ్ణించే తెచ్చుకున్నాం బాబూ," అంది నెమ్మదిగా. "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు."



కూచిపూడి దాటాక ఆవిడకి కునుకు ఆగలేదు. సీసా నా చేతికిచ్చింది.

"కాస్త పట్టుకోండి బాబూ. ఇల్లు చేరేదాకా నేలకి తగలకూడదన్నాడు. తగిలితే పనిచెయ్యదంట."

చల్లపల్లి దగ్గర రోడ్డంతా గతుకులు. బస్సు ఎగిరినప్పుడల్లా సీసాని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాను. అవనిగడ్డలో ఆవిడ లేచేదాకా దాన్ని నేలకి తగలనివ్వలేదు.