వత్తుల దూదీ, వేప్ కాయిలూ

మొన్న యీషున్‌లో మా బ్లాకు లిఫ్టు దగ్గర కొత్త నోటీసు అంటించారు, వేప్ బొమ్మ మీద ఎర్రగీత. కూరగాయల సంచీతో దాని ముందే నిలబడిపోయాను. మన వయసు వాళ్ళం వేప్ అంటే, అదే బ్యాటరీతో పొగ వచ్చే సిగరెట్టంటే, పిల్లల గోల అనుకుంటాం గానీ, నాకు మాత్రం దాన్ని చూస్తే ఇప్పటికీ భయమే.

అప్పట్లో ఇక్కడి అద్దెలు తట్టుకోలేక బ్రిడ్జికి అవతల, పక్క దేశంలోని జొహోర్‌లో ఉండేవాళ్ళం. మావారు రోజూ బ్రిడ్జి దాటి, కంపెనీ బస్సులో జురాంగ్ ఐలాండ్‌లోని రసాయనాల ప్లాంటుకి వెళ్ళేవారు. డాక్టరు బెదిరించాక, సిగరెట్లు మానడానికి ఆ ఊళ్ళో అమ్మే చిన్న వేప్ ఒకటి కొనుక్కున్నారు. లోపల వేడెక్కే కాయిల్ మనమే చుట్టి పెట్టుకునే రకం. ఆయన లావు వేళ్ళకి ఆ పని లొంగక, దీపానికి వత్తులు చేసే వేళ్ళు కదా అని నాకు అంటగట్టారు. సూది మీద తీగ చుట్టి, మధ్యలో దూది దూర్చేదాన్ని. దూది ఎక్కువైతే మాడు వాసన, తక్కువైతే పొగ కోసం పోసే రసం కారడం. చిన్న బ్యాటరీకి సన్న తీగతో ఒక్క కాయిలే పెట్టాలనీ, లావు తీగ పెడితే అది మోయలేనంత కరెంటు లాగి వేడెక్కుతుందనీ అది కొన్న కొట్టు నడిపే తమిళ అక్క చెప్పింది, నేను అదే పట్టుకున్నాను. దాన్ని ఇల్లు దాటించకూడదన్నది మా ఒప్పందం. ఆయన ఫ్రిజ్ మీద పెట్టి పనికి వెళ్ళేవారు. అది అక్కడుందని చూసుకుంటే గానీ నాకు తలుపు వేయబుద్ధయ్యేది కాదు.

ఒక ఆదివారం, పొగ చాలడం లేదని, మావారు స్నేహితుడితో లావు తీగ కాయిళ్ళు రెండు పెట్టించుకొచ్చారు. నాలుగు సార్లు పీల్చేసరికే చేత్తో పట్టుకోలేనంత కాలింది. ఎంత పోరినా తియ్యనివ్వలేదు. మర్నాడు ఆయన వెళ్ళాక చూస్తే ఫ్రిజ్ మీద వేప్ లేదు. ఆయనే పట్టుకెళ్ళారనుకున్నాను. జేబులో మీట నొక్కుకుపోతే? బ్రిడ్జి మీద చెకింగులో దొరికి పని పర్మిట్ పోతే? అన్నిటికీ మించి, అగ్గిపుల్ల కూడా రానివ్వని ఆ ఐలాండ్‌లో, గ్యాసు గొట్టాల మధ్య అది అంటుకుంటే మనిషే దక్కడు కదా. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు, చెప్పే దారి లేదు. అంబులెన్సు మోత వినబడినప్పుడల్లా, అది మా జొహోర్ వైపుదేనని తెలిసి కూడా, కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని.

సాయంత్రం దీపం పెడదామని వత్తుల డబ్బా తీస్తే, దూది మధ్యలో నల్లగా వేప్. పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, ఆ కాయిళ్ళు పీకేద్దామని దాన్నీ దూదినీ ముందేసుకుని కూర్చున్నది నేనే. కుక్కరు కూత పెడితే అన్నీ కలిపి డబ్బాలో పడేసి లేచాను, క్యారేజీ హడావుడిలో మరిచేపోయాను. అక్కడే కూలబడి ఏడుస్తుంటే మావారు వచ్చారు. భుజం మీది బ్యాగైనా దించలేదు.

“ఏమే, అది ఇంట్లోనే ఉందా? ఫ్రిజ్ మీద పెట్టానో బ్యాగులో వేశానో గుర్తు లేదు. బ్యాగంతా వెతికినా లేదు, బస్సులో పడిపోయి ఐలాండ్ లోపలికి వచ్చేసిందేమోనని పొద్దుటి నుంచీ చచ్చిపోతున్నా” అన్నారు. నేను డబ్బా చూపించాను. తిడతారనుకుంటే, నా పక్కనే కూలబడి, ఆ లావు కాయిళ్ళు ఆయనే పీకి పారేశారు.

ఆ రోజుతో మానేశారంటే కథలా ఉంటుంది. మరి కొన్నాళ్ళు పట్టింది. ఇప్పుడు బ్రిడ్జికి ఇవతలే ఉంటున్నాం, ఇక్కడ వేప్ చేతిలో ఉన్నా నేరమే. ఈ కాలం పిల్లలవి సీలు వేసి వస్తాయట, లోపల ఏ మత్తుమందు కలిపారో పీల్చేవాడికే తెలియదట. ఆ తల్లులు ఎక్కడని చూసుకుంటారు? మా రోజుల్లో భయానికి కూడా ఒక చోటుండేది. మావారు వాకింగుకి చెప్పులేసుకుంటుంటే ఇప్పటికీ నా కళ్ళు ఫ్రిజ్ మీదికే పోతాయి. అక్కడ ఆయన బీపీ మాత్రలు తప్ప ఏమీ ఉండవు. అయినా చూశాకే తలుపు వేస్తాను.