చీర మడతలో చదరంగం

మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆదోనిలో మా చీరలు కొనే సావుకారి కొడుకుతో పోస్టుకార్డుల మీద చదరంగం ఆడేవాణ్ణి. ఒక్క ఎత్తుకు జవాబు రావాలంటే నాలుగు రోజులు! ఆ ఆలస్యం భరించలేక ఒక ఉపాయం కనిపెట్టాను. పొద్దున బస్సులో పోయే మూటలో, పై చీర మడతలో నా చీటీ దాచేవాణ్ణి. సాయంత్రానికల్లా ఖాళీ మూటగుడ్డలో జవాబు వచ్చేది.

ఒకరోజు వానకు మూట తడిసి, చీటీలోని సిరా పెళ్లిచీరకు అంటింది. సావుకారు కబురంపితే నాన్న వెంట నేనూ పోయాను. ఆయన పెళ్లివాళ్ల ముందే చీర పరిచాడు.

"ఏమప్పా, పెండ్లికూతురు కట్టుకునే సీర మీద ఈ సిరా యాడిది?"

నాన్న తల వంచుకున్నాడు. "నాదే తప్పన్నా. మూట మీద పేరు రాసిన సేత్తోనే మడతేసింటాను."

చీటీ ముందే తీసి దాచేసిన నా స్నేహితుడు నేల చూశాడు. నేనూ నోరు విప్పలేదు.

ఆనాటినుంచి నాన్న ప్రతి చీరా మడతపెట్టే ముందు రెండుసార్లు చేతులు కడుక్కునేవాడు. చెంబుతో నీళ్లు పోసింది నేనే. ఆయనకు చెప్పాల్సిన మాట, ఆయన పోయాక, ఇప్పుడు మీకు చెబుతున్నాను.