తిన్నగా రావద్దన్న మేడమ్

మొన్న గురువారం స్కూలు వదిలాక వరసగా వచ్చే కార్లలోకి పిల్లల్ని ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. మేడమ్ వాళ్ళమ్మాయి. "అమ్మ పొద్దున వెళ్ళిపోయింది అక్కా" అంది. అప్పటికి నా చేతిలో ఒక పిల్లవాడి బ్యాగుంది, వెనక కార్లు ఆగి ఉన్నాయి. బ్యాగు వాడికిచ్చి, సీటు బెల్టు పెట్టి, కారు తలుపు వేశాక ఏడ్చాను. ముందు పిల్లల పని చూసి తర్వాత ఏడవమనే మేడమ్ కూడా చెప్పి ఉండేవారు.

నేను కాపెల్ అనే ఊళ్ళో రెండో తరగతి టీచర్ని. అంతకుముందు ఇక్కడి యూనివర్సిటీలో మేడమ్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌ని. స్కూల్లో పిల్లల భద్రత, టీచరు క్లాసు నడిపే తీరు వేరువేరు విషయాలు కావని వాదిస్తూనే ఆవిడ ఉద్యోగకాలమంతా గడిచింది. కాటన్ చీర, కింద రన్నింగ్ షూస్. ఏ స్కూలుకి వెళ్ళినా కుర్చీ వద్దని కార్పెట్ మీద పిల్లల మధ్య కూర్చునేవారు. "నిలబడి చూస్తే టీచరే కనబడుతుంది అమ్మాయ్. పిల్లలకి ఏం కనబడుతుందో కింద కూర్చుంటేనే తెలుస్తుంది" అనేవారు.

ఆవిడ నోట మెచ్చుకోలు వినాలంటే పెట్టి పుట్టాలి. ఒకసారి నేను చూసొచ్చిన క్లాసు గురించి, గుండుసూది పడినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉందని గొప్పగా చెప్పాను. "పిల్లలు నెమ్మదిగా ఉన్నారా, హడలిపోయి ఉన్నారా? అది చూసి రా ముందు" అని నన్ను మళ్ళీ పంపారు. అరిచే టీచరుకి పిల్లలు తమ భయం చెప్పుకోరని ఆవిడ నమ్మకం.

ఒకరోజు ఇద్దరం ఒక స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ చూడటానికి వెళ్ళాం. ఎవడైనా తుపాకీతో లోపలికొస్తే ఏం చెయ్యాలో పిల్లలకి నేర్పే డ్రిల్ అది. టీచరు తలుపుకి తాళం వేసి లైట్లు ఆర్పేసింది. పిల్లలంతా మూలకి చేరారు, వాళ్ళ మధ్యలో మేమూ ఉన్నాం. ఒకసారి తాళం పడ్డాక ఎవరు పిలిచినా తలుపు తియ్యకూడదు. అది రూలు.

అంతలో ఎవరో తలుపు తట్టారు. "మిస్... ఇట్స్ మీ."

బాత్రూమ్‌కి వెళ్ళిన పాప. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. నిజంగా అయితే ఆ పాప వెనక ఎవరైనా ఉండొచ్చు, తియ్యకూడదు. పాప మళ్ళీ తట్టింది, ఈసారి ఇంకా మెల్లగా. మేడమ్ నా మణికట్టు పట్టుకున్నారు. ఆ గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

డ్రిల్ అయ్యాక చూస్తే మన తెలుగు పిల్లే. మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని, "పక్కనే లైబ్రరీ ఉంది కదమ్మా, అందులోకి ఎందుకు వెళ్ళలేదు?" అని అడిగారు.

"మమ్మీ చెప్పింది. స్ట్రెయిట్‌గా వెళ్ళి స్ట్రెయిట్‌గా రావాలి అని."

పార్కింగ్ లాట్‌లో మేడమ్ చాలాసేపు కారు స్టార్ట్ చెయ్యలేదు. "మనమే కదమ్మా చెప్పేది, తిన్నగా వెళ్ళి తిన్నగా రా, ఎవరి గదిలోకీ దూరకు అని. మంచి పెంపకమే. కానీ ఆ పెంపకమే దాన్ని తలుపు బయట నిలబెట్టింది" అన్నారు.

అప్పట్నించి ఏ స్కూల్లో అడుగుపెట్టినా ఆవిడ మొదటి ప్రశ్న, "బాత్రూమ్‌కి వెళ్ళిన పిల్ల సంగతేమిటి?" ఒక అలవాటు కూడా నేర్పడం మొదలుపెట్టారు. బయటికి వెళ్ళే పిల్లలు తలుపు దగ్గర ఆగి, ఏదైనా జరిగితే ఏ గదిలోకి వెళ్తారో వేలితో చూపించాలి. టీచరు తల ఊపాకే కదలాలి. ఆ గదుల్లోని పెద్దవాళ్ళు తాళం వేసే ముందు వరండా ఒకసారి చూడాలి. ఇలాంటివి చెబితే పిల్లలు భయపడతారని ఒక ప్రిన్సిపాల్ అంటే, "భయం మనం ఎప్పుడో ఇచ్చేశాం. దారి చూపించడమే మిగిలింది" అన్నారు.

నిరుడు వసంతంలో మా స్కూల్లో మైక్ మోగింది. లాక్‌డౌన్, ఇది డ్రిల్ కాదు అని చెప్పారు. అన్విత అప్పుడే, అలవాటు ప్రకారం లైబ్రరీ వైపు వేలు చూపించి, బాత్రూమ్‌కి వెళ్ళింది. నేను వరండాలోకి తొంగి చూశాను. ఎవరూ లేరు. తాళం వేశాను. ఆ తాళం వేసిన చెయ్యి నాదేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

చీకట్లో ఒక పిల్లవాడి బూట్లకున్న లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. పక్కనున్న పిల్ల వాటిని అరచేతులతో కప్పింది. ఎవరూ చెప్పలేదు దానికి. బయట బరువైన అడుగుల చప్పుడు. మా తలుపు పిడి ఒకసారి కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. నా చెవులు రెండూ ఒక చిన్న వేలి చప్పుడు కోసమే ఉన్నాయి. తట్టొద్దు తల్లీ, తట్టొద్దు అని మొక్కుకుంటున్నాను. తట్టకపోతే ఎక్కడుందో తెలియదు. తడితే ఏం చేస్తానో నాకే తెలియదు.

చివరికి పోలీసులు తాళం చెవితో తలుపు తీశారు. తుపాకీతో వచ్చినవాడు పార్కింగ్‌లోనే దొరికాడట, పిడి నొక్కి చూసింది పోలీసులేనట. ఎవరికీ ఏమీ కాలేదు. లైబ్రేరియన్ చెయ్యి పట్టుకుని అన్విత వచ్చింది. నన్ను చూడగానే కళ్ళు దించుకుంది.

"సారీ మిస్. నేను స్ట్రెయిట్‌గా రాలేదు."

దాన్ని ఎంత గట్టిగా వాటేసుకున్నానో! ఆ సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను.  విని, "లైబ్రేరియన్‌కి నా థాంక్స్ చెప్పమ్మా" అన్నారు. 

జబ్బు ముదిరాక, ఈ చలికాలంలో, ఒక్కసారి మా క్లాసు చూస్తానని వచ్చారు. వద్దంటున్నా వినకుండా కార్పెట్ మీదే కూర్చున్నారు. కాసేపటికి బాత్రూమ్‌కి వెళ్ళాలన్నారు. ఇద్దరు పిల్లలు చెరో చెయ్యి పట్టుకుని లేపారు. నేను తోడు వస్తానంటే కళ్ళతోనే గదిమారు. తలుపు దాకా వెళ్ళి ఆగారు. వేలితో లైబ్రరీ వైపు చూపించి, నా వైపు తిరిగి నిలబడ్డారు. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. నేను తల ఊపాను. అప్పుడు వెళ్ళారు.